అండమాన్‌లో మొదటి రోజులు: జడ్చర్ల కొత్త దంపతుల ప్రశ్నకు సమాధానం

జడ్చర్ల నుంచి మీరు పంపిన ప్రశ్నను శ్రద్ధగా చదివాను. కార్తీకంలో మీ పెళ్లయింది. కొత్త అల్లుడి సంక్రాంతి మర్యాదలు ముగిశాక, జనవరి మూడో వారంలో బయలుదేరేలా ఐదు రాత్రుల అండమాన్ ప్యాకేజీ తీసుకున్నారు. మీకు ఈత రాదు, మీ వారికి ఊరి బావిలో నేర్చిన ఈత వచ్చు, ఇద్దరూ ఇంతవరకు సముద్రంలో మోకాళ్ల లోతు దాటి దిగలేదు. ఏజెంటు ఇచ్చిన పట్టికలో దిగిన రోజే కార్బిన్స్ కోవ్ బీచ్, సెల్యులార్ జైలు, లైట్ అండ్ సౌండ్ షో ఉన్నాయి. మర్నాడు తెల్లవారగానే ఫెర్రీలో హావ్‌లాక్ ద్వీపం, చేరీ చేరగానే ఎలిఫెంట్ బీచ్, సాయంత్రం రాధానగర్ బీచ్. మూడో రోజు స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం), కాలాపత్థర్ బీచ్. నాలుగో రోజు నీల్ ద్వీపం. ఐదో రోజు పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి రావడం, ఆరో రోజు పొద్దున విమానం. ఇందులో ఏమైనా వదిలేయాలా అని అడిగారు. వదిలేయాలి, అదీ మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువగా వదిలేయాలి అన్నది నా అభిప్రాయం.

నాది నల్లగొండ. హావ్‌లాక్‌లో ఒక రిసార్టులో అతిథుల బాగోగులు చూసే పనిలో కొన్నేళ్లు ఉండి, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ప్రయాణ ఏర్పాట్లు చేస్తున్నాను. కొత్త జంటలు ఒళ్లు వెచ్చబడి పడుకునేదీ, ఒకరి మీద ఒకరు విసుక్కునేదీ చాలావరకు రెండో రోజు సాయంత్రమే అని అక్కడ పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. దానికి కారణం స్వభావాలు కలవకపోవడం కాదు. పెళ్లి, పండుగల అలసట తీరకముందే ఒక రాత్రి నిద్ర పాడుచేసుకుని, అలవాటు లేని ఎండలో, అలవాటు లేని గడియారంతో పరుగెత్తడమే అసలు కారణం.

ముందుగా గడియారం సంగతి చెబుతాను, ఎందుకంటే ఏజెంట్లు దీన్ని ఎన్నడూ చెప్పరు. అండమాన్ మన పాలమూరుకు తూర్పున దాదాపు 15 డిగ్రీల రేఖాంశం దూరంలో ఉన్నా, రెండు చోట్లా అమలయ్యేది ఒకే భారత కాలమానం. అందువల్ల అక్కడ పొద్దు మనకంటే సుమారు గంట ముందు పొడుస్తుంది, గంట ముందే గుంకుతుంది. జనవరి చివరి వారాల్లో అక్కడ ఐదూ ముప్పావుకే తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నర లోపే సూర్యుడు మునిగిపోతాడు, ఆరింటికి చిమ్మచీకటి పడుతుంది. నడినెత్తికి ఎండ వచ్చేది పన్నెండున్నరకు కాదు, పదకొండున్నరకే. ఇంట్లో లేచినట్టు ఏడున్నరకు లేచి, నింపాదిగా టిఫిన్ చేసి, పదింటికి ఒడ్డుకు వెళ్లే జంట సరిగ్గా రోజంతటిలో చెడ్డ ఎండలోకి అడుగుపెడుతుంది. మధ్యాహ్నం పడుకుని ఐదింటికి లేచే జంటకు సూర్యాస్తమయమే దక్కదు. అక్కడ ఉన్నన్నాళ్లూ ఐదింటికి లేచి, రాత్రి తొమ్మిదికల్లా పడుకునేలా చూసుకోండి. తెల్లవారుజాము ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, మళ్లీ మూడున్నర నుంచి పొద్దుగుంకే వరకు ఒడ్డున ఉండాలి. ఈ రెంటికీ మధ్య సమయమంతా నీడలోనో గదిలోనో గడపాలి. మధ్యాహ్నం నిద్ర సెలవును వృథా చేయడం అవుతుందని బెంగపడకండి.

ఇక ఎండ. మే నెల పాలమూరు ఎండకే బెదరని మాకు జనవరి సముద్రపు ఎండ ఒక లెక్కా అని మీ వారు అన్నట్టు రాశారు. ఆ ధైర్యం నల్లగొండ వాళ్లలోనూ చూశాను, అది నిలవదు. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలిలో తేమ నిండుగా ఉండటం వల్ల చెమట ఆరక కారిపోతుందే తప్ప వేడిని తీసుకుపోదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటకపోయినా నీరసం, తలనొప్పి, తొడలు ఒరుసుకుని మంట రావడం అందుకే. దాహం వేసేదాకా ఆగకుండా కొబ్బరినీళ్లు, ఉప్పు పంచదార నీళ్లు తాగుతూ ఉండండి. రెండోది, అతినీలలోహిత కిరణాలకు వేడితో సంబంధం లేదు; చల్లగాలి వీస్తున్నా, పలుచని మబ్బు ఉన్నా చర్మం కాలుతుంది, తెల్లని ఇసుక ఆ కిరణాలను కింది నుంచి కూడా ముఖం మీదికి కొడుతుంది. చామనఛాయ చర్మం కాలదనుకోవడం పొరపాటు. ఎర్రబడటం త్వరగా కనిపించదు, అంతే. ఎండ నుంచి కాపాడే ఎస్‌పీఎఫ్ 50 క్రీమును బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందు దట్టంగా రాసి, రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. చెవుల పైభాగం, మెడ వెనుక, పాదాల పైభాగం, మోకాళ్ల వెనుక అందరూ మరచిపోతారు. నీళ్లలో బోర్లా తేలుతూ చేపలు చూసేవాళ్లకు ముందుగా కాలేది మోకాళ్ల వెనుక భాగమే. ఆ మర్నాడు మెట్లు దిగడం కూడా కష్టమవుతుంది. పెళ్లికి ముందు మొటిమలకు డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు వాడినా, ముఖానికి పీలింగ్ వంటివి చేయించుకున్నా ఎండకు చర్మం మామూలు కంటే త్వరగా దెబ్బతింటుంది కాబట్టి, బయలుదేరే ముందు చర్మవైద్యులను అడగండి.

మొదటి రోజు సంగతికి వద్దాం. విమానం తెల్లవారుజామున ఉంటే జడ్చర్ల నుంచి శంషాబాద్‌కు అర్ధరాత్రి బయలుదేరాలి, అంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. టికెట్టు మీద పోర్ట్ బ్లెయిర్ అని ఉన్నా, శ్రీవిజయపురం అని ఉన్నా కంగారు పడకండి. 2024 సెప్టెంబరులో పేరు మార్చారు, రెండూ ఒకే ఊరు. హావ్‌లాక్, నీల్ ద్వీపాలకు కూడా 2018లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు, ఫెర్రీ టికెట్ల మీద ఏ పేరైనా ఉండవచ్చు. దిగిన రోజు గదిలో స్నానం, భోజనం, రెండు మూడు గంటల నిద్ర, సాయంత్రం నాలుగింటికి కార్బిన్స్ కోవ్ ఒడ్డున కూర్చోవడం, ఇంతే చాలు. ఆ రోజు నీళ్లలోకి దిగవద్దు.

సెల్యులార్ జైలును ఆ మధ్యాహ్నం కుక్కడం నాకు రెండు కారణాల వల్ల నచ్చదు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన ఆ జైలులో ఏడు భవనాల బారుల్లో ఇప్పుడు మూడే మిగిలాయి, అయినా తీరికగా తిరిగితే రెండు గంటలు పడుతుంది. నిద్ర కళ్లతో, సెల్ఫీల హడావుడిలో చూడవలసిన చోటు కాదది. రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వాళ్లను అండమాన్‌కే పంపారు. జైలు కట్టడానికి ఎంతో ముందే, 1857లో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లాఉద్దీన్‌ను ప్రవాస శిక్ష కింద ఆ ద్వీపాలకే తరలించారు. మన వాళ్ల చరిత్ర అక్కడ ఉంది కాబట్టి మనసు పెట్టి చూడండి. రెండో కారణం పూర్తిగా లెక్కకు సంబంధించినది. స్కూబా చేశాక విమానం ఎక్కడానికి తగినంత వ్యవధి ఉండాలి కనుక, తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఎలాగూ పోర్ట్ బ్లెయిర్‌లో నేల మీదే గడపాలి. జైలుకు అసలైన స్థానం ఆ ఐదో రోజు మధ్యాహ్నం. జాతీయ సెలవు రోజుల్లో మూసి ఉంచుతారు కాబట్టి ఆ మధ్యాహ్నం జనవరి 26న పడకుండా చూసుకోండి.

రెండో రోజు ఫెర్రీని ఆరున్నరది కాకుండా, వీలైతే పొద్దెక్కాక ఉన్నదానికి మార్పించండి. ప్రైవేటు ఫెర్రీలు హావ్‌లాక్‌కు సుమారు గంటన్నర నుంచి రెండున్నర గంటల్లో చేరుస్తాయి. జనవరిలో సముద్రం సాధారణంగా నిమ్మళంగానే ఉంటుంది, అయినా మొదటిసారి ఎక్కేవాళ్లకు కడుపులో తిప్పుతుంది. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, పూరీలు మెక్కి ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు చాలు. బస్సులో వాంతులయ్యే అలవాటు మీకుంటే డాక్టరును అడిగి మాత్ర రాయించుకుని, ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. కింది అంతస్తులో మధ్య వరుస సీట్లకు ఊపు తక్కువ. ఫోనులో చదవకుండా కిటికీలోంచి దూరాన నీరు, ఆకాశం కలిసే గీతను చూస్తూ కూర్చోండి.

హావ్‌లాక్ చేరిన రోజున ఒక్క రాధానగర్ మాత్రమే పెట్టుకోండి. జెట్టీ నుంచి 12 కిలోమీటర్లుంటుంది, మూడింటికల్లా బయలుదేరండి. ఆ ఒడ్డు పడమర ముఖంగా ఉంటుంది, ఇసుక మెత్తన, లోతు నెమ్మదిగా పెరుగుతుంది, లైఫ్‌గార్డులు ఉంటారు. మీ ఇద్దరికీ సముద్రంతో తొలి పరిచయానికి అంతకన్నా మంచి చోటు ఆ ద్వీపంలో లేదు. మీరు నడుము లోతు దాటవద్దు. అల వచ్చేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడితే పడిపోరు. చున్నీ, చీర, వదులైన పలాజో నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటాయి. మోకాళ్ల కింది దాకా ఉండే బిగుతు లెగ్గింగు, పొడుగు చేతుల ఈత టీషర్టు వేసుకుంటే ఎండకూ రక్షణే, ఎవరేమనుకుంటారోనన్న ఇబ్బందీ ఉండదు. నలుగురిలో అలాంటి బట్టలు ఎలా వేసుకోను అని మీరు మొహమాటంగా అడిగారు కాబట్టి చెబుతున్నాను, అక్కడ సగం మంది మన దేశపు కుటుంబాలే, అందరూ దాదాపు ఇలాగే ఉంటారు.

ఇప్పుడు మీ వారి బావి ఈత గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మెట్లబావిలోనో మోటబావిలోనో నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న ఈత మంచి ఈతే. ఊపిరి బిగబట్టడం, లోతుకు జంకకపోవడం వస్తాయి. కానీ బావిలో నీరు కదలదు, చేయి చాస్తే గట్టు దొరుకుతుంది. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి. అది ఒక్కోచోట సన్నని పాయగా కూడి బలంగా లోపలికి లాగుతుంది. ఆ పాయ ఉన్న చోట అలలు విరగవు కాబట్టి, చుట్టుపక్కల కంటే అక్కడే నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత వచ్చినవాళ్లు సరిగ్గా దాన్నే ఎంచుకుని దిగుతారు. అందులో చిక్కుకుంటే తిన్నగా ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. తేలుతూ ఉండి, చేయి పైకెత్తి లైఫ్‌గార్డును పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయలోంచి బయటపడ్డాకే ఒడ్డు వైపు తిరగాలి. మీరు ఒడ్డున నిలబడి ఆయన్ను చూస్తున్నప్పుడు ఇలాంటిది జరిగితే కాపాడటానికి నీళ్లలోకి పరుగెత్తవద్దు, లైఫ్‌గార్డు దగ్గరికి పరుగెత్తండి.

ఇంకో మాట. ఆ ద్వీపాల మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్ దగ్గర నీళ్లలో ఉన్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. బోర్డు ఉన్న చోట ఎప్పుడూ, పొద్దుగుంకాక ఏ చోటా నీళ్లలోకి దిగకండి. ఏకాంతం కావాలని జనం లేని మూలకు పోవడం కొత్త జంటలు ఎక్కువగా చేసే పని. ఏకాంతం ఇసుక మీద వెతుక్కోండి, నీళ్లలో వద్దు.

మీ హోటలు విజయనగర్ వైపు, అంటే తూర్పు ఒడ్డున ఉందని రాశారు. అక్కడ ఒకటి జరుగుతుంది, ముందే తెలిస్తే నిరాశ పడరు. ఫోటోలో గది ముందే నీలి నీరు ఉంటుంది. మీరు తలుపు తెరిచే సరికి నీరు ఎంతో దూరం వెనక్కి పోయి, ఎదురుగా నాచు పట్టిన రాళ్లు, బురద గుంటలు మాత్రమే ఉంటాయి. డబ్బు తీసుకుని మోసం చేశారని రిసెప్షన్‌కు వచ్చి గొడవపడిన జంటలు కోకొల్లలు. అది పాటు, అంటే సముద్రం వెనక్కి తగ్గే సమయం, ఆరేడు గంటల్లో నీరు గది ముందుకే వస్తుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ తేడా మరీ ఎక్కువగా ఉంటుంది. మీ ఇంటి గోడ మీది తిథుల క్యాలెండరును ఒక ఫోటో తీసి పెట్టుకోండి. చేరగానే హోటలులో ఆ రోజు పోటు ఎప్పుడని అడిగి, దాన్నిబట్టి మిగతా రోజులను మీరే లెక్కగట్టుకోవచ్చు. పాటు సమయంలో ఆ రాళ్ల మీద చెప్పులు లేకుండా నడవకూడదు. పగడపు గీతలు చిన్నవే అయినా మానడానికి చాలా రోజులు పడుతుంది, వెంటనే మంచినీటితో బాగా కడిగి మందు రాయాలి. కాలాపత్థర్ కూడా అదే తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి తెల్లవారుజామున సూర్యోదయానికి వెళ్లండి, ఫోటోలన్నీ అక్కడే ఒక అరగంటలో తీసేసుకుని ఫోను సంచిలో పెట్టేయండి.

మూడో రోజు పొద్దున ఎలిఫెంట్ బీచ్. చేపలు చూడటానికి ఈత రానవసరం లేదు, లైఫ్ జాకెట్టు, గైడు ఉంటారు. కష్టం గొట్టం పెట్టుకుని నోటితో ఊపిరి తీయడం దగ్గరే వస్తుంది. నడుము లోతులో నిలబడి, ముఖం మాత్రమే నీళ్లలో ముంచి, ఐదు నిమిషాలు ఊపిరి సాధన చేశాకే కాళ్లు ఎత్తండి. అద్దాల తొడుగును ఎంచుకునేటప్పుడు పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి. చేయి వదిలినా ఊడిపడకపోతే అది మీకు సరిపోయినట్టు. మీ వారికి దట్టమైన మీసం ఉంటే తొడుగు అంచు దాని మీద కూర్చోక నీరు కారుతూనే ఉంటుంది. మీసం తీసేయమని నేను చెప్పలేను, పై అంచున కాస్త కత్తిరించుకుంటే పోయేదేమీ లేదు.

పుస్తెలతాడు గురించి మీ అత్తగారికి ఉన్న బెంగ సహేతుకమైనదే. ఇసుకలో, నీళ్లలో జారిన బంగారం దొరకదు. నీళ్లలో చల్లబడి వేళ్లు సన్నబడతాయి కాబట్టి ఉంగరాలు తెలియకుండానే జారిపోతాయి, కాలి మెట్టెలు వదులైతే వాటికీ అదే గతి. నేను చూసినంతలో మన వైపు పెళ్లికూతుళ్లు చేసే పద్ధతి ఏమిటంటే, బంగారు తాడును గది లాకరులోనో ఇంట్లోనో పెట్టి, పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకుని పసుపు తాడుతో వెళ్లడం. గాజులు మట్టివైతే తీసేయండి, రాయికి తగిలి పగిలితే చేయి కోసుకుంటుంది.

స్కూబాను నాలుగో రోజు పొద్దునకు జరపండి. మూడో రోజు నీటితో పరిచయం అయ్యాక చేస్తే భయం సగం తగ్గుతుంది. శిక్షకుడు పట్టుకునే ఉంటాడు, ఈత రానివాళ్లను కూడా తీసుకువెళ్తారు, లోతు 12 మీటర్లు మించదు. దిగేకొద్దీ చెవుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది దాన్ని సరిచేసుకుంటూ ఉండాలి, నొప్పి మొదలయ్యాక కాదు, మొదలు కాకముందే. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, బావి ఈత అలవాటున్న మీ వారికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. జలుబు, సైనస్, ఉబ్బసం, చెవి ఆపరేషన్ ఉంటే ఫారంలో దాచవద్దు. గర్భం ఉండే అవకాశం ఏమాత్రం ఉన్నా స్కూబా మానేయాలి. ఒడ్డున కూర్చుని ఆయన్ను పంపడంలో నామోషీ ఏమీ లేదు. చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, మీకు ఇంకా ఎక్కువే దొరుకుతుంది.

తిండికి ఇబ్బంది లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందటే వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. బొచ్చె, కొర్రమీను తిన్న నాలుకకు సముద్రపు చేప కొత్తగా ఉంటుంది. రొయ్య, పీత ఎప్పుడూ తినకపోతే మొదటి రోజు రెండు ముక్కలతో ఆపి చూడండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక నెట్‌వర్కు బాగుపడింది, అయినా హావ్‌లాక్‌లో అన్ని చోట్లా అందదు. చెల్లింపులకు నగదు ఉంచుకోండి, ఇంటికి రోజుకు ఒకసారి ఫలానా వేళకు ఫోన్ చేస్తామని ముందే చెప్పి వెళ్లండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి తెచ్చుకోకండి. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో సంచుల తనిఖీలో పట్టుకుంటారు.

ఇక నీల్ ద్వీపాన్ని ఈసారికి వదిలేయండి. చక్కని చోటే, కానీ దాని కోసం మరో రెండు ఫెర్రీలు ఎక్కడం, మరోసారి పెట్టెలు సర్దడం మీ ఐదు రాత్రులకు బరువు. ఏజెంటుతో మాట్లాడేటప్పుడు ప్యాకేజీ రద్దు అనకండి, రద్దు అంటే డబ్బు మినహాయింపుల లెక్క మొదలవుతుంది. నీల్ రాత్రిని హావ్‌లాక్ రాత్రిగా మార్చమని, జైలును ఐదో రోజుకు, స్కూబాను నాలుగో రోజుకు జరపమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. రెండో రోజు ఫెర్రీ సీట్లు ఇప్పటికే ఖరారై మారవని చెబితే ఆ ఒక్కదానికి సర్దుకోవచ్చు. పొద్దున్నే హావ్‌లాక్ చేరి, గది ఇచ్చేదాకా సామాను రిసెప్షన్‌లో పెట్టి, ఎలిఫెంట్ బీచ్ పడవ వాళ్లు వచ్చి పిలిచినా రేపు వస్తామని చెప్పి పంపేయండి.